ఎస్తేరమ్మ కుర్చీ, నా బోర్డులు

జూన్ 3

ఎల్బీ నగర్‌లో చర్చివాళ్ల ఆఫీసుకు కొటేషన్ రాసి పంపాను. మూడంతస్తులు, పద్దెనిమిది గదులు, సరైన బోర్డు ఒక్కటీ లేదు. బాప్తిస్మ సర్టిఫికెట్ కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు స్కూళ్ల విభాగంలోకి పోతున్నారట. ఇంకో ఇద్దరు కూడా కొటేషన్ ఇచ్చారని తెలిసి, చివర్లో ఒక వాక్యం కలిపాను — "ఈ బోర్డులు పెట్టాక, దారి చూపడానికి ముందర మనిషి అవసరం ఉండదు." బాగా కుదిరిందనిపించింది. మా ఆవిడ స్వరూపకు చదివి వినిపించాను కూడా.

"మంచిగనే ఉంది, పంపు" అంది.

జూన్ 6

పని నాకే వచ్చింది. ఎన్నాళ్లకో ఒక పెద్ద పని... షాపు షట్టర్ ఈరోజు తేలిగ్గా లేచినట్టుంది.

జూన్ 9

చూడటానికి వెళ్లాను. గేటు దాటగానే, మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ. నన్ను చూసి లేచింది.

"రా బిడ్డా, కూసో. మంచినీళ్లు తాగు. ఏం పని మీద ఒచ్చినవ్?"

బోర్డుల పని అన్నాను. "పెట్టు నాయనా. జనం మస్తు పరేషాన్ అయితున్నరు" అంది.

పేరు ఎస్తేరమ్మ. గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయిలు ఏరేదట. మార్కెట్ అక్కణ్ణుంచి తరలిపోయాక ఇక్కడ చేరింది. చదువు రాదు. పద్దెనిమిది గదులూ నోటికి వచ్చు.

నేను రాసిన ఆ వాక్యం గుర్తొచ్చింది. "మనిషి" అని రాసేటప్పుడు ఏ మొహమూ లేదు నా ముందు. గ్లాసు పట్టుకుని నిలబడింది కదా, గబగబా తాగి కొలతలు మొదలుపెట్టాను.

జూన్ 10

పొద్దంతా ఆమె పక్కనే నోట్‌బుక్‌తో కూర్చున్నాను. గీతలు గీసే ముందు ఒకరోజు గుమ్మం దగ్గర కూర్చోవడం నా పద్ధతి. ఎవరు ఎక్కడ తికమకపడతారో చూడాలి. ఈమె దగ్గర చూడాల్సిన అవసరమే రాలేదు. వాళ్లు నోరు తెరవక ముందే చెప్పేస్తోంది.

"కవర్ల పాత ఫొటో పెట్టుకొస్తె బాప్తిస్మం కాగితానికి. పిల్ల ఓ పక్క, పిలగాడు ఓ పక్క నిలవడితె పెండ్లి రాయించనీకి."

మరి ఎవరైనా పోతే, భూస్థాపన అనుమతి కోసం వచ్చేవాళ్లు?

"ఆళ్లు ఏమడగరు బిడ్డా. గోడ పట్టుకొని నిలవడ్తరు. మనమే పోవాలె."

వాళ్లను మాత్రం వెనక మెట్ల మీదుగా తీసుకుపోతుంది. ముందు మెట్లెక్కితే పెళ్లిళ్లు రాసే గది దాటి పోవాలి. అక్కడ రోజూ ఎవరో ఒకరు స్వీట్ల డబ్బా తెరిచి ఉంటారు. "గా దుఃఖంల ఈ నవ్వులు ఇనొద్దు గదా" అంది.

ఇన్నేళ్లలో ఇన్ని ఆఫీసులకు బోర్డులు కట్టాను. ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. మొత్తం రాసుకున్నాను.

జూన్ 14

అట్టముక్క మీద బాణం గీసి ఎస్తేరమ్మకు చూపించాను. నేరుగా పొమ్మనడానికి పైకి బాణం — మేమంతా అట్లాగే వేస్తాం.

"మీదికుంటె మీదికే ఎక్కుతరు గద కొడుకా!"

నిజమే. బాణాలు తీసేశాను. నేల మీద రంగు గీతలు వేస్తే సరి. భూస్థాపన అనుమతికి నీలం గీత, గుమ్మం నుంచి వెనక మెట్ల దాకా.

జూన్ 17

కమిటీ ముందు డిజైన్ పెట్టాను. సెక్రటరీ ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. కుర్చీలోంచి సగం లేచాడు. "ఈ నీలం గీత అద్భుతమండీ! మీకెలా తట్టిందండీ అసలు?"

"అనుభవం సార్" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎట్లా జారిందో! వెనక్కి తీసుకోవడానికి ఒక నిమిషం ఉండింది... తీసుకోలేదు. స్వాగతం బోర్డు కూడా నచ్చింది వాళ్లకు. "రండి. కూర్చోండి. మంచినీళ్లు తాగండి." అందరూ పెట్టే పూల బొమ్మా, చేతులు జోడించిన బొమ్మా లేకుండా ఎంత బాగుందో అన్నారు. ఆ మాటలు ఎవరివో వాళ్లలో ఒక్కరికీ గుర్తురాలేదు. రోజూ ఆమె ముందు నుంచే కదా లోపలికి పోతారు.

సిగ్గేసింది. ఇచ్చిన టీ మాత్రం తాగి వచ్చాను.

జూన్ 18

రాయబుద్ధి కావడం లేదు. వాన.

జూన్ 27

బిగింపు. స్వాగతం బోర్డు సరిగ్గా ఆమె కుర్చీ వెనక గోడకు వస్తుంది. డ్రిల్లింగ్‌కు అడ్డమని కుర్చీ ఆమే జరిపింది. నిచ్చెన కూడా పట్టుకుంది. అయ్యాక చదవమంది. చదివాను.

"ఓయమ్మా, గిది నా మాటే గద!"

నవ్వింది. వచ్చినవాళ్లకల్లా చూపించి చెప్పుకుంది, తన మాట గోడెక్కిందని. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

జూలై 1

కుర్చీ మళ్లీ అక్కడ వేయలేదు. బోర్డుకు అడ్డం వస్తుందట. ఎస్తేరమ్మను వెనక షెడ్డు దగ్గర కూర్చోమన్నారు.

జూలై 4

ఒక అక్షరం ఊడిందంటే వెళ్లాను. నలభై ఏళ్ల మనిషి ఒకడు లోపలికి వచ్చాడు, భుజాన తువ్వాలు, కళ్లు ఎర్రగా. బోర్డు చదివాడు. నీలం గీత పట్టుకుని వెనక మెట్లెక్కాడు. పది నిమిషాల్లో అనుమతి కాగితంతో దిగాడు. ఎవరూ పలకరించలేదు, తను కూడా ఎవరినీ పలకరించలేదు.

సెక్రటరీ గారు నా భుజం తట్టాడు. "చూశారా, ఒక్కరిని కూడా అడగలేదండీ!"

ఇంతకంటే సరిగ్గా పనిచేసిన బోర్డులు నా చేత్తో ఎప్పుడూ కట్టలేదు. ఆ మనిషి గేటు దగ్గర గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నా సంచీలో నీళ్ల సీసా ఉంది. వెళ్లి ఇవ్వలేకపోయాను. ఎందుకో తెలియదు.

జూలై 5

ఎస్తేరమ్మ ఫోన్. ఈ నెలాఖరు దాకానే రమ్మన్నారట.

"ఈ వయసుల నాకు ఇంకేడ పని దొరుకుతది బిడ్డా? పొద్దంత ఇంట్ల ఒక్కదాన్నే... నువ్వు జెప్తె ఇంటరు. నీ పని మెచ్చిండ్రు గద. జర సెక్రటరీ అయ్యతోని ఒక మాట జెప్పు."

చెప్తాను పెద్దమ్మా అన్నాను.

జూలై 8

వెళ్లాను. ప్రసాదరావు గారు చెడ్డ మనిషి కాదు. అదే కష్టం. కాఫీ తెప్పించాడు. విని, ఫైలు తెరిచి నా కొటేషన్ నా ముందే పెట్టాడు. చివరి వాక్యం కింద ఎర్ర గీత.

"ఇది చదివే కదండీ కమిటీ మీకు పని ఇచ్చింది."

"తప్పు రాశాను సార్."

"తప్పేముందండీ? మీరన్నట్టే అయింది కదా."

నీలం గీతను వెనక మెట్ల మీదుగా తిప్పాలన్న ఆలోచన ఎస్తేరమ్మదే అని చెప్పాను. "అలాగా!" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇంతలో ఎవరో ప్రార్థనకు పిలిచారు, లేచాడు.

వచ్చేటప్పుడు కర్మన్‌ఘాట్ గుడి దగ్గర ఆగాను. మంగళవారం, జనం. లైన్లో కాసేపు నిలబడి, దర్శనం కాకుండానే తిరిగి వచ్చేశాను.

స్వరూపకు చెప్పాను. "నువ్వు తీసేసినవా ఏంది? ఆళ్లు తీసేసిన్రు" అంది. రెండోసారి కూడా అదే అంది. నమ్మాలని చూశాను.

జూలై 9

ఫోన్ రెండుసార్లు మోగింది. ఎస్తేరమ్మే. తీయలేదు.

షట్టర్ల మీద బ్రష్‌తో అక్షరాలు రాసుకుని బతికినవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చినప్పుడు ఎవడో ఇట్లాగే ఒక కాగితం మీద "ఇక పెయింటర్ అక్కర్లేదు" అని రాసుంటాడు. వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో నాకు తెలుసు.

జూలై 10

తీశాను. పొద్దున తనే పోయి అడిగిందట.

"నన్ను తీసెయ్యాలని సెక్రటరీ అయ్యకు లేదంట బిడ్డా. ఏందో కాగితం ఉందంట, దాంట్ల రాసి ఉందంట. ఎవలు రాసిండ్రయ్యా అంటె, పేరు నేను చెప్తే బాగోదు, రేపొచ్చి చూస్కో అన్నడు."

లైన్లో బస్సుల హారన్లు.

"నాకు సదువు రాకపాయె. రేపు నువ్వొచ్చి సదివి చెప్తవా కొడుకా? ఇంకెవల్ని అడగాలె నేను? అడుగున పేరుంటది గద, గది గూడ సదువు. ఒక్క ముక్క ఇడువకు."

సరే పెద్దమ్మా అన్నాను.

రేపు పదకొండు గంటలకు. కాగితం పైఅంతస్తులో, సెక్రటరీ గారి గదిలో ఉందట. నాకు ఆ గది దొరుకుతుందో లేదోనని, గేటు దగ్గరే నిలబడి ఉంటానంది.