ఒంటి లైటు ట్రాక్టరు

అన్నా,

ఒక్క లైటుతో ఎదురొచ్చిన ట్రాక్టరును బైకు అనుకుని నువ్వు పక్కకు జరగలేదు. అట్లా పోయావు. అందుకే నీ సంవత్సరీకం కాగానే, లారీవాళ్లకు దూరం నుంచే కనబడాలని నీ బైకుకు కింద, ఎడంగా రెండు పసుపు లైట్లు బిగించుకున్నాను. అవ్వకు కొంత ధైర్యం వచ్చింది.

నిన్న పొద్దుగూకే వేళ మన ట్రాక్టరులో పత్తి వేసుకుని ఆదిలాబాద్ మిల్లుకు పోతున్నాను. ఎదురుగా వచ్చిన బైకతను చివరి క్షణంలో బండిని చేనులోకి దింపి పడిపోయాడు. నేను లేపుతుంటే, “ఒక్క లైటే కనవడ్డదన్నా. బైకు అనుకున్న” అన్నాడు.

మన ట్రాక్టరు కుడి లైటు దసరా నుంచి వెలగడం లేదు. తెలిసే నడుపుతున్నాను. అతనికి నీ సంగతి చెప్పలేకపోయాను.

ఈ పొద్దున బల్బు మారుస్తుంటే అవ్వ వచ్చి నిలబడింది.

“గిది ఎప్పటిసంది వెలుగుతలేదు బిడ్డా?”

నిన్నటి నుంచే అన్నాను.