నా టీసీ ఇప్పించి, బడి గోడ మీది నా ఫొటో దింపించుట గురించి

గౌరవనీయులైన విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిలిపివేసిన టీసీ ఇప్పించుట, అనుమతి లేకుండా పెట్టిన ఫొటో తొలగించుట గురించి.

పదో తరగతిలో బడికి మొదటి స్థానం తెచ్చిన విద్యార్థిని చేసుకొను విన్నపము ఏమనగా:

1. నాకు నత్తి. ఆరో తరగతిలో తెలుగు మాస్టారు పాఠం చదవమన్నారు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "కూర్చోమ్మా, నువ్వు వాక్యం పూర్తి చేసేలోపు వీళ్ళందరికీ పెళ్ళిళ్ళయిపోతాయి" అన్నారు. తరగతంతా ఘొల్లుమంది. తర్వాత నన్నెవరూ చదవమనలేదు. సందేహం వచ్చినా నేను చెయ్యెత్తలేదు. లెక్కల్లో వెనకబడ్డాను. 'మొద్దు' అని పేరు పెట్టి ఆఖరి బెంచీకి తోశారు.

2. తొమ్మిదో తరగతిలో ఉండగా తమరు తనిఖీకి వచ్చారు. ప్రధానోపాధ్యాయుల వారి ఉత్తర్వు మేరకు నన్ను ల్యాబ్‌లో పెట్టి బయట గడియ వేశారు. "సారు నిన్నేమైనా అడిగితే పరువు పోతుంది. కిక్కురుమన్నావో!" అన్నారు. నేను కిక్కురుమనలేదు. తమరు ఆ కిటికీ పక్కనుంచే నడిచివెళ్ళారు. "పిల్లల్ని బాగా తీర్చిదిద్దుతున్నారు" అని మెచ్చుకోవడం నా చెవులారా విన్నాను. తమరి మీద కూడా ఇది ఫిర్యాదే.

3. నాకు ధైర్యం నేర్పింది తాతయ్య. ఆయనకు చెముడు. రోజూ పేపరు చదివించుకునేవారు. నేను తడబడితే అది తన చెవుల లోపమే అనుకుని, "వినపడలేదు తల్లీ, మళ్ళీ చెప్పు" అనేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. నత్తి పోలేదు గాని భయం పోయింది. పాఠాలూ ఆయనకే అరిచి చెప్పేదాన్ని. దాంతో నాకు మార్కులొచ్చాయి, ఇరుగుపొరుగుకు భూగోళం వచ్చింది.

4. ఫలితాలు రాగానే నా ఫొటో గోడంత చేసి, "మట్టిలో మాణిక్యం: వెలికితీసింది మేమే" అని రాయించారు. అభినందన సభలో, కృతజ్ఞతలు చదవమని కాగితం చేతిలో పెట్టారు. దాన్ని మడిచి పక్కన పెట్టి, "న... నన్ను ల్యాబ్‌లో దాచారు" అన్నాను. మైకు కట్టేశారు. ముందు వరుసలోంచి తాతయ్య లేచి, "మళ్ళీ చెప్పు తల్లీ!" అని కేకేశారు. చెప్పాను. మైకు లేకుండా, మొత్తం చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

5. మర్నాడు టీసీకి వెళితే ప్రధానోపాధ్యాయులు, "మేం లేకపోతే నువ్వెంత? అందరి ముందూ క్షమాపణ చెప్పు, ఇస్తాం" అన్నారు.

"చె... చెప్పను."

"ఇంకా మాట రాలేదు గానీ పొగరు మాత్రం వచ్చింది."

రెండూ వచ్చినవని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. కాలేజీలో చేరే గడువు ముంచుకొస్తోంది. టీసీ లేనిదే చేర్చుకోరట.

కావున టీసీ వెంటనే ఇప్పించి, ఆ ఫొటో దింపించవలసినదిగా కోరుతున్నాను. నా ఎదుగుదలలో వాళ్ళకు వాటా లేదు. ఇది చిత్తగించవలెను, చిత్తగించినట్టు నటించవద్దు.

తమ విధేయురాలు
(ఆచారం కొద్దీ రాశాను, నమ్మనక్కరలేదు)

తా.క.: తమ గుమాస్తా, "నీ మాట వినే తీరిక సారుకు లేదు, రాసిచ్చి పో" అన్నాడు. రాసిచ్చాను. సోమవారం మళ్ళీ వస్తాను, ఈసారి నోటితో చెప్పడానికి. ఆలస్యమవుతుంది. జాలిపడి మధ్యలో అందుకోవద్దు. వాక్యం నేనే పూర్తి చేస్తాను.