మోపిదేవి మొక్కు, కౌలాలంపూర్ గుండు

కౌలాలంపూర్,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకి,

నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే, అడిగితే చెప్పే దిక్కు లేదు గదా. నువ్వు ఫోన్ ఎత్తవు. వదిన ఎత్తి "ఆయన కొట్లో ఉన్నారు" అని పెట్టేస్తుంది. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో కూడా పక్కింటి శారదత్తని అడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టింది నాకు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. సుబ్బుకి పళ్ళొస్తున్నాయి, దొరికినవాళ్ళని దొరికినట్టు కొరుకుతున్నాడు. వాళ్ళ నాయనమ్మని ఇంకాస్త గట్టిగా కొరికితే బాగుండును.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేంటని నవ్వకు. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేసింది నువ్వే. పైగా మాది అగ్గిపెట్టెంత ఫ్లాటు, ఏ మూల నిలబడి మాట్లాడినా అత్తగారి చెవిలో మాట్లాడినట్టే. మీ బావ ఆఫీసులో ఒకాయన బందరు వస్తున్నాడు, వాళ్ళావిడ చేతికిస్తున్నాను. అవనిగడ్డలో నీ ఎరువుల కొట్టు ఎక్కడని ఎవర్నడిగినా చెబుతారన్నాను. చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ రోజూ సాయంత్రం వాన. వాన పడ్డా చల్లబడదు, ఉక్క మన రోహిణి కార్తెలాగే ఉంటుంది. కూరగాయలన్నీ దొరుకుతాయి, ఏదీ మన రుచి కాదు. గోంగూర అని కొంటే పులుపే లేదు. నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. అక్కడ బడిలో పిల్లలతో పొద్దస్తమానం అరిచేదాన్ని, ఇక్కడ నా గొంతు నాకే వినబడి చాలా రోజులైంది. మీ బావ పొద్దున వెళ్తే చీకటిపడ్డాక వస్తాడు. ఇంట్లో నేనూ, సుబ్బూ, అత్తగారూ, ఆవిడ సీరియళ్ళూ. ఏడుపొస్తే బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తాను. అమ్మకి మాత్రం ఇది చదవొద్దు, బాగానే ఉన్నానని చెప్పు.

ఇక అసలు సంగతి. ఆ ఫోటో.

గ్రూపులో అత్తగారు పెట్టిన ఫోటో చూసి నువ్వు గ్రూపులోంచి వెళ్ళిపోయావు. అది నీ హక్కు. కానీ వదిన చేత "మాకు ఆడపడుచు లేదనుకుంటాం" అని వాయిస్ పెట్టించావు చూడు, అది మాత్రం చాలా గొప్పగా ఉంది. ఏం జరిగిందో ఒక్క మాట అడిగావా? ఆవిడ ఒక చెంప వాయిస్తే, నువ్వు రెండోది చూసుకున్నావు. నిన్ను తిట్టడానికే సగం ఈ ఉత్తరం.

ఆ రోజు మేం మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళలేదన్నయ్యా. ఊరు చూడ్డానికి వెళ్ళాం. ఇక్కడ బటు గుహలని కొండలో గుహ, గుహలో సుబ్రహ్మణ్యస్వామి. కొండ కింద ఆకాశమంత ఎత్తు బంగారు రంగు విగ్రహం. పైకి రంగురంగుల మెట్లు, మెట్ల నిండా కోతులు. తెల్లవాళ్ళూ చైనావాళ్ళూ పొట్టి నిక్కర్లతో వస్తే కింద లుంగీలాంటి గుడ్డ అద్దెకిచ్చి చుట్టబెడతారు. మీ బావతో పనిచేసే కిషోర్ అనే అబ్బాయి తన కార్లో తీసుకెళ్ళాడు. గుడివాడ పక్కవాడే. మన ఇంటిపేరే, చుట్టరికం మాత్రం లేదు. ఇంటిపేరు ఒకటని నన్ను అక్కా అంటాడు, మంచివాడు.

సుబ్బుని చంకనేసుకుని మెట్లెక్కాను. అరటిపళ్ళ కవరు కోతి లాక్కుపోయింది. పైన గుహ ఎంత పెద్దదో చెప్పలేను. మన మోపిదేవి గుడి గోపురంతో సహా లోపల పెట్టి చుట్టూ ప్రదక్షిణ చెయ్యొచ్చు. పైన కప్పు లేనిచోట ఎండ దిగుతోంది, రాతి నుంచి నీళ్ళ చుక్కలు నెత్తిన పడుతున్నాయి. ఒక చుక్క సుబ్బు ముక్కు మీద పడితే కిలకిలా నవ్వాడు. స్వామి ముందు నిలబడి ఏమనుకున్నానో తెలుసా? మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్ళికి గుడివాడ వస్తాం గదా, అప్పుడు వీణ్ణి మోపిదేవి తీసుకొస్తాను, మా అన్నయ్య ఒళ్ళో కూర్చోబెడతాను, అంతదాకా చల్లగా చూడు నాయనా అనుకున్నాను. నాకు పిల్లలు పుట్టట్లేదని నువ్వు తడిబట్టలతో ఆ గుడి చుట్టూ తిరగడం నేను మర్చిపోతానా? పుట్టెంట్రుకలు మేనమామ ఒళ్ళోనే తీయించి స్వామికిస్తానని నువ్వే గదా మొక్కుకున్నది.

కిందికి దిగాక ఓ పక్క గుండ్లు చేస్తున్నారు. గీసిన తలలకి గంధం పూసి పంపిస్తున్నారు, చూడ్డానికి బాగుంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఇంతలో అత్తగారు హ్యాండ్‌బ్యాగులోంచి నువ్వు పంపిన ఎర్ర పట్టుబట్టలు తీసింది! పుట్టినరోజుకని బీరువాలో దాచినవి. అంటే ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అంతా అనుకునే వచ్చిందన్నమాట. "పిల్లాడికి ఉక్కకి తల చీదరగా ఉంది, ఇక్కడే తీయించేద్దాం. ఈ స్వామి వేరు, ఆ స్వామి వేరా? కిషోర్, నువ్వు కూర్చో బాబూ, వరసకి నువ్వూ మేనమామవే" అంది.

నేను ఒప్పుకోలేదన్నయ్యా. "మొక్కు మోపిదేవిది, మొదటి కత్తెర మా అన్నయ్యది. ఇంకో రెండు నెలలు ఆగలేరా?" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కన తమిళవాళ్ళు కూడా తిరిగి చూశారు.

అప్పుడు అత్తగారు అన్న మాట రాస్తున్నాను. దాచి లాభం లేదు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నీ చెవిన వేస్తారు, అదేదో నా నోటే విను. "మీ అన్న ఒంటి మీద ఆ బొల్లి మచ్చలేంటి, ఆ చేతులేంటి! ఆ చేతులు నా మనవడి నెత్తిన పడనిస్తాననుకున్నావా? రేపు వీడికి వస్తే ఎవత్తె పిల్లనిస్తుంది?" అంది.

అది అంటుకునేది కాదని డాక్టరు చెప్పాడన్నాను. మీ బావ వైపు చూశాను. ఆయన ఫోన్ పైకెత్తి వీడియో సర్దుకుంటున్నాడు. "అమ్మ చెప్పినదాంట్లో తప్పేముంది? పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా అనుమానపడతారు. పెళ్ళిలో మీ అన్నయ్య ఫోటోల్లో పడకుండా చూడాలని నేనే అమ్మకి చెప్పాను" అన్నాడు. వినపడిందా? నువ్వు కొత్త బైకు మీద బందరంతా తిప్పి సరుకులు కొనిపెట్టావే, ఆ బావ!

అత్తగారు సుబ్బుని నా చంకలోంచి లాగేసుకుంది. కిషోర్ పీట మీంచి సగం లేచాడు. "అక్కా, నాకిదంతా తెలీదు, వద్దంటే లేచిపోతాను" అన్నాడు. ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టింది. పిల్లాడు నావైపు చేతులు చాచి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కత్తెర పడింది. నువ్వు చూసిన ఫోటో అదే. కిషోర్ ఒళ్ళో సుబ్బు, ఎర్ర పట్టుబట్టలు, పక్కన నవ్వుతున్న అత్తగారు. నేను లేనేమిటని నీకు అనుమానం రాలేదా?

నేను పక్క పీట మీద కూర్చున్నాను. మంగలాయన తమిళంలో ఏదో అడిగాడు. జడ విప్పి ముందుకేసి, మొత్తం అని చేత్తో చూపించాను. తప్పిన మొక్కు ఎవరికైనా తగలాలంటే నాకు తగలనీ, పిల్లాడి జోలికి రావద్దని దండం పెట్టుకున్నాను. దేవుడి దగ్గర దాపరికమెందుకు, సగం భక్తి, సగం కసి. నా జడంటే అత్తగారికి మహా గొప్ప. పెళ్ళిలో పెద్దకోడలి జడ చూసి వియ్యాలవారు ముక్కున వేలేసుకోవాలని పూలజడ కూడా చెప్పి ఉంచింది. సగం గీశాక చూసింది. "ఓసి నీ మొహం మండా, పెళ్ళి పెట్టుకుని ఇదేం పాడుబుద్ధే!" అని గుండెలు బాదుకుంది. సగంలో ఆపితే ఇంకా దరిద్రంగా ఉంటుందత్తయ్యా అన్నాను. కార్లో ఇంటికొచ్చేటప్పుడు కిషోర్ ఒక్కడే ఏడ్చాడు, పిచ్చి సన్నాసి.

ఇప్పుడు వేలి గోరంత మొలిచాయి. అమ్మకి నెమ్మదిగా చెప్పు, బెంగపడుతుంది. వదిన కుంకుడుకాయలు ఎండబెడుతోందని శారదత్త చెప్పింది, ఈ ఏడు నాకు పంపొద్దను. దానికి బదులు పిల్లాడికి కాస్త శొంఠి పంపమను.

అత్తగారు విగ్గు తెప్పించింది. అది పెట్టుకోకపోతే మండపం దగ్గరికి రావద్దంటోంది. నేను పెట్టుకోను. బోడిగుండుతో, పట్టుచీరతో, ముందు వరసలో కూర్చుంటాను. ఆడపడుచు మంచిపిల్ల, దానికి కష్టంగానే ఉంటుంది. ఉండనీ. నా దగ్గరున్న జాలంతా అయిపోయింది.

నిన్ను పిలవొద్దన్నారు గనక నేను పిలుస్తున్నాను. మాఘంలో గుడివాడ పెళ్ళికి నువ్వు రావాలి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీలు మణికట్టు దాకా బిగించుకుని తిరుగుతావు. అలా రావద్దు. పొట్టి చేతుల చొక్కా వేసుకుని రా. వచ్చి పదిమందిలో పిల్లాణ్ణి నా దగ్గర్నుంచి అందుకుని ఎత్తుకో. ఫోటోలవాడు ఎటు తిరిగితే అటు తిరుగు.

అమ్మకి, శారదత్తకి నా దండాలు. పిల్లలకి ముద్దులు. వదిన మీద కోపం పోలేదు, అయినా అడిగానని చెప్పు. నువ్వు పెద్దవాడివి, ఇన్ని మాటలన్నా నన్ను చల్లగా ఉండమనే దీవించాలి.

పెళ్ళికి మాత్రం రాకపోయావో, ఆవిడ నీ చేతుల గురించి అన్నదంతా నిజమేనని నువ్వే సంతకం పెట్టినట్టు. ఆ తర్వాత నేను కూడా నీకు చెల్లెల్ని కాను.

ఇప్పటికింకా నీ చెల్లెలు,
రమణ