మొక్కు జడ

బాబుపేట్, చంద్రపూర్

చిరంజీవి విద్యకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, మీ బాపు, తమ్ముడు నిఖిల్ బాగానే ఉన్నాం. నువ్వూ కాలి నొప్పులేవీ లేకుండా ఉన్నావని తలుస్తాను. నీకు తెలుగు చదవడం కష్టమని అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. ఫోన్‌లోనే చెప్పొచ్చు కదా అంటావేమో. మీ క్యాంపులో ఆదివారం కాసేపు ఫోన్ చేతికిస్తారు, ఆ కాసేపూ వైశాలి నీ పక్కనే కూర్చుంటుంది. మన ఇంట్లో తిని తిరిగిన పిల్ల కనుక దానికి తెలుగు మాట అర్థమవుతుంది, అక్షరం మాత్రం రాదు. అందుకే ఈ ఉత్తరం. బల్ల మీద పడేసినా భయం లేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ బాపు మోకాలు తగ్గింది, కొట్టు మెట్లు బాగానే ఎక్కి దిగుతున్నాడు. నిఖిల్ పరీక్షలు అయిపోయాయి. ఎట్ల రాసినవురా అంటే భుజాలు ఎగరేస్తున్నాడు, మార్కులు వచ్చినప్పుడు ఆ భుజాల సంగతి చూస్తాను. మేడ మీద ఆరేసిన బట్టలకు బొగ్గు దుమ్ము మామూలే.

వైశాలి వాళ్లమ్మ కొట్టుకు వస్తోందా అని అడిగావు. వచ్చింది. మామిడికాయ తొక్కు కావాలంది. సీసాలు నా వెనకే వరుసగా ఉన్నాయి. "సంపలం తాయి, అయిపోయింది" అన్నాను. ఆమె సీసాల వంక చూసింది, నా వంక చూసింది, వెళ్లిపోయింది. ఆ పూట నాకు అన్నం రుచిగా అనిపించింది.

ఇక నీ అసలు ప్రశ్న. వైశాలి ఏడ్చిందనీ, తప్పయిపోయిందని చేతులు పట్టుకుందనీ, ఈసారి ఫైనల్ నాడు కూడా నీ జడ తనే వేస్తానంటోందనీ రాశావు. వేయించుకోమంటావా అమ్మా అని అడిగావు. చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

పోయిన సంవత్సరం ఇదే పోటీ, ఇండోర్ ఊళ్లో, మీరిద్దరూ దూకిన లాంగ్‌జంప్. నువ్వు మరిచిపోతే నేను గుర్తు చేస్తాను. నీ జడను ఎప్పుడూ పైకి ముడిచి పిన్నులు పెట్టేది అదే. ఆ రోజు మాత్రం పిన్నులు గుచ్చుకుంటాయని చెప్పి జడను కిందికి వదిలేసి, కొసకు బరువైన రిబ్బను కట్టింది. నువ్వు దూకావు. ఇక్కడ ఫోన్‌లో చూస్తూ మీ బాపు లేచి నిలబడ్డాడు. నీ మడమలు పడిన చోటికి జానెడు వెనక, ఇసుకలో జడ కొస గీసిన గీత ఉంది. ఒంటిని అంటుకుని ఉన్నది ఏది ఇసుకను తాకినా టేపు అక్కడి నుంచే పెడతారట, నువ్వే చెప్పావు. ఆ గీత జడ్జీ కంట పడలేదు. "సర్, చోటీ కా నిశాన్ దేఖో" అని, జడ గుర్తు చూడమంటూ వేలు పెట్టి చూపించింది వైశాలి. ఆ జానెడుతోనే దానికి బంగారు పతకం, వెనకాలే రైల్వేలో ఉద్యోగం. నువ్వు పతకాల వరుసలోంచే జారి ఉత్త చేతులతో ఇంటికొచ్చావు.

నీకూ దానికీ ఒకే గిన్నెలో నూనె కాచి తలంటిన దాన్ని నేను. నాకే చేసింది ఈ పని!

ఆ జడకు కత్తెర పెట్టకూడదని దానికి బాగా తెలుసు. నువ్వు పసిబిడ్డగా జ్వరంతో కళ్లు తేలేసినప్పుడు మీ నాయనమ్మ మొక్కింది కదా. "పిల్ల బతికితే పెండ్లికి ముంగట తలనీలాలు నీకే ఇస్తం రాజన్నా, అందాక కత్తెర ముట్టనియ్యం" అని. ఆమె పోయింది, మొక్కు మిగిలింది. నిన్ను తీసుకుపోయి మొక్కు తీర్చుదామంటే క్యాంపు వాళ్లు వదలరు. వైశాలి ధైర్యమంతా అదే.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన మాట. మొన్న వీడియోలో తల మీది కొంగు దించలేదేమని అడిగావు. జలుబు అన్నాను. అబద్ధం. నాకు గుండు.

మా అక్కను చూసొస్తానని మీ బాపుతో చెప్పి, బల్లార్షాలో రైలెక్కి, ఆపైన బస్సు పట్టి వేములవాడ రాజన్న గుడికి పోయాను. కల్యాణకట్టలో కత్తి పట్టి కూర్చున్న పెద్దాయనను అడిగాను.

"బిడ్డ మొక్కు తల్లి తీర్చొచ్చా?"

"తల్లి ఇస్తే రాజన్న వద్దంటడా? గానీ ముత్తైదువవు, మూడు కత్తెరలు ఇస్తే చాలమ్మా."

"గట్ల వద్దు. సగం మొక్కని రేపు ఎవ్వరూ నా బిడ్డను అనొద్దు. మొత్తం తియ్యి."

భక్తితో ఇచ్చాననుకోకు బిడ్డా. పగతో ఇచ్చాను. గుండు మీద నీళ్లు పోస్తుంటే నాకు రాజన్న గుర్తుకు రాలేదు, వైశాలి వేలు గుర్తుకొచ్చింది.

మీ బాపు నన్ను గుమ్మంలో చూసి నా చేతిలోని సంచి అందుకున్నాడు. "నన్నడిగితే వద్దంటుంటి" అన్నాడు. "గందుకే అడగలే" అన్నాను. కొట్టుకొచ్చే ఆడవాళ్లు నా కొంగు కిందికి తొంగి చూసి గుసగుసలాడుకుంటున్నారు. ఆడుకోనీ.

ఇక నీ తల నీది. ఏ దేవుడికీ మనం బాకీ లేం. వైశాలి జడ వేస్తానంటే సరే అను. ఫైనల్ నాటి పొద్దున అద్దం ముందు కూర్చుని, దాని ఒక చేతికి నీ జడ ఇవ్వు, రెండో చేతికి కత్తెర ఇవ్వు. మెడ దగ్గరికి కోయమను. మొక్కు ఏమైందని అడుగుతుంది. మా అమ్మ తన తల ఇచ్చి తీర్చిందని చెప్పు, చెప్పి అద్దంలో దాని ముఖం చూడు. కోసేదాకా కదలనివ్వకు.

తర్వాత పోయి దూకు. ఈసారి నీ మడమల వెనక వేలు పెట్టి చూపించడానికి దానికి ఏమీ ఉండదు.

గెలిచాక దాన్ని క్షమిస్తావో లేదో నీ ఇష్టం, నేను అడ్డురాను. నేను మాత్రం క్షమించను. నా జుట్టు మళ్లీ నడుము దాకా పెరిగినా సరే, క్షమించను.

ఇట్లు,
నీ అమ్మ