పెరగనివ్వని ఎరువు కోసం

ఎరువుల కర్మాగారం, ఫిర్యాదుల విభాగం వారి సముఖమునకు,

అయ్యా,
దస్తావేజుల కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, కిందటేడు విశ్రాంతి పొందిన నేను సమర్పించుకునే ఫిర్యాదు ఏమనగా: మీ బోన్సాయ్ ఎరువు పనిచేస్తున్నది. పొట్లం మీద "ముప్పై రోజుల్లో కొత్త చిగుళ్లు" అని ముద్రించారు. ఇరవై రెండో రోజుకే పదిహేడు చిగుళ్లు వచ్చాయి. జానెడుండే జువ్వి ఇప్పుడు జానా రెండంగుళాలు. దీనికి బాధ్యులెవరు? మొక్కను బతికిస్తూనే పెరగనివ్వని ఎరువు మీ వద్ద ఉంటే తెలుపగలరు.

ఇట్లు,
విశ్రాంత రికార్డుల అధికారి

తా.క.: చిగుళ్లు తుంచెయ్యమని పక్కింటావిడ సలహా. ఆవిడ సలహా మీదే ఒకసారి జుట్టుకు రంగు వేసుకున్నాను. జుట్టు ఇంకా తేరుకోలేదు.

•

మాన్య వినియోగదారునికి,

మీ మొక్క ఎదుగుదల విషయంలో మీకు కలిగిన అసంతృప్తికి చింతిస్తున్నాము. రెట్టింపు నత్రజని గల ఎరువు రెండు పొట్లాలు ఉచితంగా పంపుతున్నాము. వారానికొకసారి, ముందుగా మట్టి తడిపి, బకెట్ నీటిలో చెంచాడు కలిపి పోయవలెను.

భవదీయుడు,
ఫిర్యాదుల విభాగాధిపతి

తా.క.: ప్రతి ఫిర్యాదునూ ఆసాంతం చదివిన తర్వాతే జవాబివ్వడం మా సంప్రదాయం.

•

విభాగాధిపతి గారికి,

మీ లేఖలో "పోయవలెను" అని ఉన్నది. ముద్ర వేసిన కాగితం మీద "వలెను" అని వచ్చిన దేన్నీ నేను ధిక్కరించి ఎరగను. మూడు వారాలు పోశాను. జువ్వి మూరెడైంది. కిటికీ రెక్క మూసుకోవడం లేదు.

ఎందుకు పెరగరాదంటున్నానో మనవి చేస్తాను. ఈ మొక్కను ఎనిమిదేళ్లకు పైగా పెంచినది నా భార్య. ఆదివారం ఉదయం వంటగది బల్ల మీద పెట్టుకుని కత్తిరించేది. "ఏవండీ, ఎడమపక్క ఎక్కువైందా?" అనేది. పేపరు దించకుండానే "సరిగ్గా ఉంది" అనేవాణ్ణి. "చూడకుండానే? మహానుభావులు!" అనేది.

ఆమె పోయి ఏడు నెలలైంది. సంతకం చేసినవారు లేనప్పుడు ఆ పత్రంలో అక్షరం కూడా మార్చరాదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. ఆ జువ్వి ఆకారం ఆమె చేవ్రాలు. మీ ఎరువు దాన్ని ఆకులతో కొట్టివేస్తున్నది.

ఇట్లు,
వి. రి. అధికారి

తా.క.: ఇప్పుడు రోజూ రెండు గంటలు కూర్చుని చూస్తున్నాను. ఎడమపక్క ఎక్కువే.

•

అయ్యా,

మన్నించండి. ఈసారి నిజంగానే చదివాను. పెరుగుదల వద్దనుకుంటే ఎరువు ఆపవలెను. అంతకు మించి మా శాస్త్రంలో దారి లేదు.

భవదీయుడు,
విభాగాధిపతి

తా.క.: మా ఎరువు పనిచేసిందని వచ్చిన ఫిర్యాదు ఇదే మొదటిది. మేనేజరుగారు పటం కట్టించమంటున్నారు.

•

విభాగాధిపతి గారికి,

మీ ఆదేశానుసారం ఆపాను. నేటికి యాభై రోజులు. చారెడు మట్టిలో ఉన్న సారమంతా రోజువారీ నీళ్లకే కొట్టుకుపోయినట్టుంది. ఆకులు పాలిపోయి రాలుతున్నాయి. రెండు కొమ్మలు ఎండాయి. రాలిన ఆకులకు వరుస సంఖ్యలు వేసి కవర్లలో భద్రపరుస్తున్నాను. నిన్నటికి రెండువందల పన్నెండు. అన్నీ ఉన్నాయి. చెట్టే లేకుండా పోతున్నది.

ఏం చేయమంటారు?

ఇట్లు,
వి. రి. అ.

తా.క.: పక్కింటావిడ వచ్చి, "అన్నయ్యగారూ, ఆకులు దాచుకుంటే చెట్టు దక్కుతుందటండీ?" అన్నది. అభ్యంతరం రాతపూర్వకంగా ఇమ్మన్నాను. కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది.

•

అయ్యా,

మీ చిరునామా ఎక్కడో చూసినట్టనిపించి, జవాబివ్వని ఉత్తరాల పెట్టె తెరిపించాను. మా విభాగంలో అన్నిటికన్నా పెద్ద పెట్టె అదే. తొమ్మిదేళ్ల కిందట మీ ఇంటినుంచి వచ్చిన ఉత్తరం అందులో దొరికింది. జవాబు మీ పేరున పంపమని అందులో ఉన్నది కనుక, ఆలస్యానికి సిగ్గుపడుతూ పంపుతున్నాను.

ఎండిన కొమ్మలు కత్తిరించవలెను. చిగురు కనిపించాక, మట్టి తడిపి, పదిహేను రోజులకోసారి పలచగా ఎరువు పోయవలెను. పెరిగినప్పుడల్లా మళ్లీ కత్తిరించవలెను.

నకలు జతపరిచాను.

భవదీయుడు,
విభాగాధిపతి

జతపరచిన నకలు:

ఎరువులవారికి నమస్కారం.

మా ఆయన మరో ఎనిమిదేళ్లలో రిటైరవుతారు. ఆయన ఉద్యోగమంతా దాచడమే. ఒక్క కాగితం పారెయ్యరు, ఒక్క అక్షరం దిద్దనివ్వరు. ఇంట్లో ఊరికే కూర్చుంటే నన్ను కూడా బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అందుకే ఆయన కోసం జువ్వి తెచ్చాను. కత్తిరిస్తూనే ఉండాలట, ఎప్పటికీ పూర్తికాదట. ముందు నేను నేర్చుకుని, తర్వాత కత్తెర ఆయన చేతిలో పెడతాను. దీనికి ఏ ఎరువు మంచిదో చెప్పండి. జవాబు మాత్రం ఆయన పేరున రాయండి. నేను చెబితే వినరు, ఆఫీసు కాగితమైతే వింటారు.

ఇట్లు,
ఆయన ఇల్లాలు

తా.క.: మొదట్లో ఉంచాల్సిన కొమ్మే నరుకుతారు, నాకు తెలుసు. నరకనివ్వండి, మళ్లీ మొలుస్తుంది. ఎరువు అడుగుతున్నది అందుకే కదా!