మిరపపొగ ఎటు పోయింది

గురువారం రాత్రి, కనకమామిడి

చందనవెల్లి కంపెనీల పాత చెక్కను తెచ్చి పొడి కొట్టే యూనిట్ మా ఇంటి వెనక ఖాళీ జాగాలో పెడతారట. వద్దని జాగాకు అవతలున్న కాలనీ వాళ్లు అడ్డం తిరిగారు. చెక్క మోసే పని నా ట్రాక్టర్‌కే ఇస్తామన్నారు కాబట్టి నాకు మాత్రం పెడితేనే మేలు.

ఇవాళ మీటింగులో కాలనీ ప్రసాద్ గారు "దుమ్మంతా మా ఇళ్ల మీదకే వస్తుందండీ" అంటే, యూనిట్ మేనేజర్ "రవ్వంత కూడా రాదు సార్" అన్నాడు. గాలిని మాత్రం ఎవరూ అడగలేదు. సాయంత్రం నేనే అడిగాను. ఆ జాగాలో మంట వేసి, దిష్టి తీసినట్టు గుప్పెడు ఎండుమిరపకాయలు పడేశాను. ప్రసాద్ గారి తుమ్ములు చూద్దామని కాలనీ గేటు దాకా ఉరికాను. ఆయన హాయిగా చాయ్ తాగుతున్నాడు.

ఇంటికొస్తే నా భార్య యాదమ్మ, అసలే ఆయాసం మనిషి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"ఎవడు కాల్చిండయ్యా గిన్ని మిరపకాయలు? వాని నోట్ల మన్నువడ!"

"ప్రసాద్ గారే అయ్యుంటడు" అన్నాను.

ఇప్పుడు ఆమె పడుకుంది, దగ్గు పడుకోలేదు. పొగను ఇటు తెచ్చింది సాయంత్రపు గాలి. పొద్దుటి గాలి ఎటు పోతుందో చూడాలని ఉంది. మిరపకాయలు ఇంకా ఉన్నాయి గానీ, కాల్చడానికి చేతులు రావడం లేదు…