పుప్పొడికి ఇంకో ఏడాది

జూన్ 2

ఫెలోషిప్ అయిపోయింది. ఐదేళ్ళూ నిండాయి. ఆ సంగతి తెలిసి కూడా ఉదయం నుంచి బ్యాంకు మెసేజ్ వస్తుందేమోనని ఫోన్ తీసి తీసి చూశాను.

థీసిస్‌కి ఇంకో ఏడాది కావాలి. నాది పుప్పొడి. సరస్సు అడుగు నుంచి గొట్టంతో తీసిన బురదలో వేల ఏళ్ళ నాటి పుప్పొడి రేణువులు చెక్కుచెదరకుండా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద వాటిని లెక్కపెడితే అప్పట్లో ఆ గట్టున ఏ చెట్లుండేవో తెలుస్తుంది. పై బురదంతా అయింది. అన్నిటికన్నా అడుగున ఉన్నది, అన్నిటికన్నా పాతది మిగిలింది. అది లేకపోతే నా థీసిస్‌కి మొదలే లేదు.

ఈ ఐదేళ్ళలో ఏడాదిన్నర ఫిట్స్ తినేసింది. ఆస్పత్రి, కొత్త మాత్ర, ఆ మాత్ర పడక దద్దుర్లు, ఇంకో మాత్ర. ఆ ఏడాదిన్నర ఎవరిని అడగాలి?

జూన్ 5

యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా మంచివాడే. మెడికల్ గ్రౌండ్స్ మీద ఫెలోషిప్‌కి ఎక్స్‌టెన్షన్ ఉందన్నాడు. డాక్టర్ల బోర్డు నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలట. వెంటనే అక్కకి ఫోన్ చేశాను. మిషన్ ఆపి మరీ వింది. అక్క ఒక బట్టల షాపు వెనక గదిలో ఆల్టరేషన్లు చేస్తుంది. పొడుగు ప్యాంట్లు పొట్టివి చెయ్యడం, పట్టేసిన నడుములు వదులు చెయ్యడం. అమ్మానాన్నా పోయాక నాకున్నది తనే. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాం.

జూన్ 14

బోర్డు. ముగ్గురు డాక్టర్లు, ఒక టేబుల్, నాకు చేతులు లేని కుర్చీ. నెలకెన్నిసార్లు వస్తాయని అడిగారు. నెలకో, రెండు నెలలకో ఒకసారి అన్నాను. పెద్దాయన పెదవి విరిచాడు. వారానికొకటైనా ఉంటే రాసేవాళ్ళట. మనిషి చూడ్డానికి చక్కగా ఉన్నానట, పైగా పీహెచ్‌డీ కూడా చేస్తున్నానట.

చివరికి రోగంలో కూడా ఫెయిలయ్యాను.

జూన్ 15

పోనీ సప్లిమెంటరీ రాద్దువుగానీ అంది అక్క. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత తను సూదిలో దారం ఎక్కించుకుంటూ, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. దారం ఎంతకీ ఎక్కలేదు.

జూన్ 27

చదువులకి సాయం చేసే ఒక ట్రస్టుకి అర్జీ పెడితే ఇంటర్వ్యూకి పిలిచారు. అక్క పాత జాకెట్ ఒకటి నా కొలతకి బిగించి ఇచ్చింది. ట్రస్టు నడిపే ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. మంచినీళ్ళు ఇప్పించింది.

"ఇంతకీ ఈ పుప్పొడి లెక్కపెడితే ఎవరికి లాభమమ్మా?"

ఏ కాలంలో వానలు పడ్డాయో, ఎప్పుడు ఎండిపోయిందో, చెట్లు ఎలా తట్టుకున్నాయో తెలిస్తే రాబోయే... అంటూ మొదలుపెట్టాను. మధ్యలో మాట పోయింది. ఈ మాత్రతో ఇదే గొడవ. నోటి దాకా వచ్చిన మాటని ఎవరో వెనక నుంచి లాక్కుంటారు. ట్రస్టువాళ్ళందరూ ఓపిగ్గా నా వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ ఓపిక చూస్తుంటే లేచి పారిపోవాలనిపించింది.

"ఇంత ఒత్తిడి నీ ఆరోగ్యానికి మంచిది కాదేమోనమ్మా" అంది ఆవిడ. "ఏదైనా తేలిక ఉద్యోగం చూసుకో. కావాలంటే మేమే ఎక్కడైనా చెప్పి పెడతాం."

మెట్లు దిగుతుంటే వచ్చింది మాట. కరువు. అంత చిన్న మాట. కరువు, కరువు అని పైకే అన్నాను. వాచ్‌మన్ తలెత్తి చూశాడు.

జులై 9

వచ్చింది. ఫిట్స్‌లో నాలుక కొరుక్కున్నాను. ఇంకేం రాయలేను.

జులై 12

మళ్ళీ వస్తే వీడియో తియ్యమని డాక్టర్ ఎప్పటినుంచో అంటున్నాడు. ఈసారి అక్క తీసింది. ఆయన చూసి డోసు పెంచాడు. నేను చూడలేదు. చూడనన్నాను.

జులై 20, సాయంత్రం

ల్యాబ్‌లో అందరూ నాతో మరీ మెత్తగా మాట్లాడుతున్నారు. కారణం కాఫీ మెషిన్ దగ్గర తెలిసింది. అక్క ఇంటర్నెట్‌లో సాయం కోసం అప్పీల్ పెట్టింది. నా ఫోటో, నా చదువు, కింద ఆ వీడియో.

ఇంటికొచ్చి అరిచాను. ఇంతలా ఎప్పుడూ అరవలేదు.

"నన్నొక్కసారి అడగొచ్చుగా!"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"చచ్చినా ఒప్పుకోను."

"అందుకే అడగలేదు. ఫోటో ఒక్కటీ పెడితే ఎవరూ నమ్మట్లేదే. చక్కగా ఉందిగా, దీనికేం రోగం అని రాస్తున్నారు. నేనేం చెయ్యను?"

బోర్డు అన్నదీ అదే.

జులై 21

డబ్బు వస్తోంది. ఏడాది ఫీజు, గది అద్దె, మందులు అన్నీ గడిచేంత. పేర్లు తెలియనివాళ్ళు. సంతోషపడాలి కదా?

వీడియో చూశాను. ఒళ్ళు విరుచుకుపోతున్న ఆ మనిషిని నేను ఎరగను. దవడ పక్కకి తిరిగి, నోట నురగ. వెనక అక్క గొంతు: "అయిపోయింది తల్లీ, అయిపోయింది, అయిపోతోంది." అది అయ్యేదాకా అదే మాట. ఆ మాట నాతో ఇన్నేళ్ళుగా అంటోందన్నమాట. నేనెప్పుడూ వినలేదు.

జులై 28

మేడమ్ గదిలోకి పిలిచింది. మేడమ్ నా గైడ్. నా ఫిట్స్ సంగతి మొదటి నుంచీ తెలుసు. యాసిడ్ పని ఉన్న రోజు ఏదో వంకతో ఎవరినో ఒకరిని నా పక్కన ఉంచేది. బురదలోంచి పుప్పొడి విడదియ్యాలంటే గాజుని సైతం తినేసే యాసిడ్ వాడాలి. ఒక్క చుక్క ఒంటి మీద పడినా ప్రమాదమే.

సేఫ్టీ కమిటీ వీడియో చూసిందట. ల్యాబ్ తలుపు తెరిచే నా యాక్సెస్ కార్డు తీసేసుకున్నారు.

"నాకొక్కదానికే తెలిసినంతకాలం నేను చూసుకున్నాను" అంది మేడమ్. "ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. నా చేతుల్లో లేదు."

ఫీజు కట్టేశాను మేడమ్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అడుగు బురద ఫ్రిజ్‌లో ఉంది. నేను బయట ఉన్నాను.

జులై 29

పడుకునే ఉన్నాను.

ఆగస్టు 3

అక్క వీడియో తీసేస్తానంది. ఇప్పుడు తీసి ఏం లాభం అన్నాను. బస్‌స్టాప్‌లో ఒకామె నన్ను గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది. వదిలించుకుని తప్పు బస్సు ఎక్కాను.

ఆగస్టు 8

తుమ్ము వచ్చాడు. ల్యాబ్‌లో నా జూనియర్. పుప్పొడి పడదు. పుప్పొడి పడనివాడు పుప్పొడి మీదే పీహెచ్‌డీలో చేరాడు, అందుకే ఆ పేరు. వాడికి వేరే చోట ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్ళిపోతాడు. ఈలోపు నా అడుగు బురదంతా తనే యాసిడ్‌లో వేసి స్లైడ్లు చేసిపెడతానన్నాడు. కమిటీ ఒప్పుకుందట, మేడమ్ మాట్లాడిందట. మైక్రోస్కోప్ దగ్గర నేను కూర్చోవచ్చట, పక్కన ఒక మనిషి ఉంటేనే.

ఎందుకురా నీకివన్నీ అన్నాను. తుమ్మాడు. అది జవాబో జబ్బో తెలియలేదు.

వాడు వెళ్ళాక గోడవైపు తిరిగి ఏడ్చాను. ఎవరైనా మంచిగా ఉంటే ఇంకా కష్టంగా ఉంటోంది.

సెప్టెంబరు 11

స్లైడ్లు తయారు. తుమ్ము వెళ్ళిపోయాడు. పక్కన కూర్చునే మనిషి లేడు. అందరికీ వాళ్ళ వాళ్ళ పనులు.

సెప్టెంబరు 16

అక్క షాపులో రోజూ ఒక పూట పని మానేసింది. ఓనర్ మొహం చిట్లించాడట. గుండీలు కుట్టే పని ఏదో ల్యాబ్‌కి తెచ్చుకుని నా పక్కన కూర్చుంటోంది. మేడమ్ చూసి ఏమీ అనలేదు. మర్నాడు వెళ్ళేసరికి అక్కడ మంచి కుర్చీ ఉంది.

అక్టోబరు 5

రాయడం నత్తనడక. పేరా రాస్తాను, మాటలు పోతాయి, ఖాళీలు వదిలి ముందుకెళ్తాను. సాయంత్రానికి పేజీ నిండా చిల్లులు. రెండు వాక్యాల మధ్య ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోయే మనిషికి డాక్టరేట్ ఎవరిస్తారు? ఇవ్వాలా అసలు?

అక్టోబరు 19

అప్పీల్ కింద ఒకామె రాసింది. తన కూతురికి కూడా ఫిట్స్ వస్తాయట. బడిలో ఎవరూ దాని పక్కన కూర్చోరట. తనకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఆ పిల్ల ఎప్పుడూ చూసుకోలేదు. నా వీడియో చూసి, ఇంతేనా అమ్మా, అందట. రోజూ పెట్టించుకుని చూస్తోందట.

జవాబు రాయడానికి మాట దొరకలేదు. ఈసారి తప్పు మాత్రది కాదు.

నవంబరు, గురువారమట

బల్ల మీద కాగితం. దస్తూరీ నాదే. "అన్నిటికన్నా అడుగు బురదలో కనిపించిన తొలి చెట్టు" అని ఉంది. ఆ తర్వాత కలం గీత కాగితం అంచు దాకా జారిపోయింది.

నాలుక మండుతోంది. ఏ చెట్టో గుర్తులేదు.

అక్కని అడిగాను. "దొరికిందే!" అని తన వైపు తిరిగానట. అంతవరకే విందట.

స్లైడ్ ఇంకా లెన్స్ కిందే ఉంది. అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాను.